చెక్క గుళికల కుంపటి – చెట్టు తీర్చే బాకీ

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఈ వేదిక ఎక్కినవారు డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించో, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించో మాట్లాడతారు. కార్యదర్శి గారు ఈసారి నన్ను పర్యావరణం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయిన వాణ్ణి. నాకు తెలిసిందల్లా జమాఖర్చులు. ఏ పద్దు ఏ హెడ్డు కింద పడాలి, ఇక్కడ జమ వేసినదానికి అక్కడ ఖర్చు రాశారా లేదా, ఇంతే నా విద్య. అయితే ఈ విషయం గురించి చదువుతూ పోయిన కొద్దీ, ఇది కూడా జమాఖర్చుల తగాదాయేనని అర్థమైంది. అందుకే ధైర్యం చేసి నిలబడ్డాను.

విషయం ఇది. చలిదేశాల్లో ఇళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి చెక్క గుళికలు కాలుస్తున్నారు. వాటిని పెల్లెట్లు అంటారు. అవి "కార్బన్ న్యూట్రల్" ఇంధనమని ప్రచారం. అంటే ఎన్ని కాల్చినా గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగదని అర్థం. ఇందులో నిజమెంత?

మనకెందుకీ గొడవ అనవచ్చు. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో, యూరప్‌లోనో కాపురాలున్నారు. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉంటారు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళకు నేల మాళిగలో చమురు ట్యాంకు, దాని పక్కన బాయిలరు ఉంటాయి. వాళ్ళ బాయిలరు పాతబడింది, మార్చాలి. పెల్లెట్ బాయిలర్లు అమ్మే దుకాణం వారు ఇచ్చిన కరపత్రంలో "కార్బన్ న్యూట్రల్" అని పెద్దక్షరాలతో ఉంది. అమ్మాయి ఫోనులో, "నాన్నా, ఇది కాలిస్తే భూమికి ఏ బరువూ ఉండదంటున్నారు. మీరు కాస్త లెక్క చూసి చెప్పండి" అంది. ఆ లెక్కే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

పెల్లెట్ అంటే ఏమిటి?

మన వయసు వారికి రంపపు పొట్టు పొయ్యి గుర్తుండే ఉంటుంది. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దిమ్మిస కొట్టి, సీసా మెల్లగా పైకి లాగేసి, అడుగు కన్నంలోంచి పుల్ల వెలిగించేవారు. అడితిలో పొట్టు బస్తా చవగ్గా వచ్చేది. గట్టిగా దట్టిస్తే పూటంతా నిదానంగా మండేది. పెల్లెట్ సూత్రమూ అదే. పొట్టును గట్టిగా దట్టించడమే.

కాకపోతే అది యంత్రం చేస్తుంది. రంపపు పొట్టును, చెక్క ముక్కలను ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి, చిల్లుల దిమ్మెలోంచి బలంగా నొక్కి తోస్తారు. ఆ ఒత్తిడికి, వేడికి చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా పట్టేస్తుంది. వేరే జిగురు అక్కర లేదు. 6 లేక 8 మిల్లీమీటర్ల మందాన, వేలి కణుపంత పొడుగున గుళికలు వస్తాయి. తేమ నూటికి పది పాళ్ళ లోపే ఉంటుంది. పచ్చి కట్టెలో సగం దాకా నీరే ఉంటుందని మనకు తెలుసు. అందుకే పెల్లెట్ బాగా మండుతుంది, బూడిద తక్కువ. రెండు కిలోల పెల్లెట్లు సుమారు ఒక లీటరు చమురుతో సమానమైన వేడినిస్తాయి.

అమెరికాలో 40 పౌన్ల సంచుల్లో అమ్ముతారు. 50 సంచులు కలిస్తే వాళ్ళ టన్ను. పొయ్యి తొట్టెలో సంచి పోసి మీట నొక్కితే, మరచుట్టు గొట్టం ఒకటి గుళికలను కొద్దికొద్దిగా మంటలోకి నెడుతుంది. కట్టెలు పేర్చి గొట్టంతో ఊదే బాధ లేదు. ఇటలీలో ఇళ్ళలో, ఆస్ట్రియాలో పల్లె పట్టణాలన్నిటా ఇవి మామూలు. స్వీడన్‌లో 1991లోనే శిలాజ ఇంధనాల మీద కార్బన్ పన్ను వేశారు. దాంతో ఊరంతటికీ వేడినీళ్ళు గొట్టాల ద్వారా పంపే కేంద్రాలు చాలావరకు చమురు మాని చెక్కకు మారాయి. అంటే ఇది ఉత్త మాటల వ్యవహారం కాదు, లక్షల ఇళ్ళు వెచ్చబెడుతున్న ఇంధనం.

వారి వాదన

మెచ్చేవారి వాదన ముందు చెప్పాలి. ఫైలు మీద నోట్ రాసేటప్పుడు అవతలి పక్షం మాట పూర్తిగా రాయకుండా మన అభిప్రాయం రాయకూడదు కదా.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని పెరుగుతుంది. ఎండు చెక్క బరువులో సుమారు సగం కర్బనమే. ఆ చెక్క కాలిస్తే, పీల్చుకున్నదే తిరిగి గాలిలో కలుస్తుంది. ఆ చోట మరో చెట్టు మొలిస్తే మళ్ళీ పీల్చుకుంటుంది. గాలిలోంచి తీసుకున్నది గాలికే ఇచ్చాం, ఇందులో అప్పెక్కడిది? బొగ్గు, చమురు అలా కాదు. కోట్ల ఏళ్ళ కిందట భూమిలో పాతిపెట్టిన కర్బనాన్ని తవ్వి గాలిలో పోయడమే. అది తిరిగి భూమిలోకి పోవాలంటే మన లెక్కకందని కాలం కావాలి.

ఈ మాటలో తప్పు లేదు. కానీ జమ ఒక తేదీన, ఖర్చు ఇంకో తేదీన పడితే మధ్య కాలంలో నిల్వ ఎంత అని అడగడం మన వృత్తి ధర్మం.

గొట్టం దగ్గర లెక్క

ముందుగా పొగ గొట్టం దగ్గర నిలబడి లెక్క వేద్దాం. ఒక ఇంటికి చలికాలం మొత్తానికి 4 టన్నుల పెల్లెట్లు కావాలనుకోండి. తేమ తీసేసి, అందులో సగం కర్బనమని పట్టుకుని, కర్బనం ఆక్సిజన్‌తో కలిస్తే బరువు సుమారు మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుందన్న సూత్రంతో గుణిస్తే, గొట్టం నుంచి వెళ్ళే బొగ్గుపులుసు వాయువు ఏడు టన్నులకు కొంచెం తక్కువ. అంతే వేడికి చమురయితే సుమారు 2,000 లీటర్లు. దాని నుంచి వచ్చేది అయిదున్నర టన్నుల లోపు. సహజవాయువు అయితే సుమారు నాలుగు టన్నులు. బొగ్గయితే చెక్కకు ఇంచుమించు సమానం.

అంటే గొట్టం దగ్గర చెక్క అన్నిటికంటే శుభ్రమైనదేమీ కాదు. చమురు కంటే ఏటా టన్నున్నర దాకా ఎక్కువే వదులుతోంది. పైగా పొట్టు ఎండబెట్టడానికి, పొడి చేయడానికి, లారీల్లో మోయడానికి అయ్యే ఇంధనం వేరు. చెట్టు మళ్ళీ పీల్చుకుంటేనే ఈ లెక్క సరిపోతుంది. అలా పీల్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందన్నదే అసలు ప్రశ్న.

కమ్యుటేషన్‌తో పోలిక

ఈ విషయం ఇంకెవరికైనా అయితే బొమ్మలు గీసి చెప్పాలి. పెన్షనర్లకు ఒక్క మాట చాలు: కమ్యుటేషన్.

మనం రిటైరయినప్పుడు పెన్షన్‌లో కొంత భాగం అమ్ముకుని ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుంటాం. తర్వాత నెలనెలా అంత మేరకు కోత పడుతుంది. పదిహేనేళ్ళు గడిచాక పూర్తి పెన్షన్ పునరుద్ధరిస్తారు. చెట్టును కాల్చడమూ అంతే. ఎన్నో ఏళ్ళుగా చెట్టు దాచిన కర్బనాన్ని ఒక్క చలికాలంలో ఒకేసారి గాలిలోకి తీసుకున్నాం. అడవి మళ్ళీ పెరుగుతూ ఏటా కొంచెం కొంచెం కోత కోసి తీర్చాలి. ఆ తీరే దాకా గాలిలో నిల్వ ఎక్కువగానే ఉంటుంది, ఆ వేడి భూమి మీద పడుతూనే ఉంటుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న "ఇది న్యూట్రలా కాదా" అని కాదు, "పునరుద్ధరణ ఎన్నేళ్ళకు" అని.

ఈ లెక్క వేసినవారున్నారు. 2010లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం కోరగా మానొమెట్ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. మా అమ్మాయి వాళ్ళున్న న్యూ హాంప్‌షైర్‌కు అది పక్క రాష్ట్రమే, అడవులూ ఇంచుమించు అవే. అడవిలో అందుకోసం అదనంగా చెట్లు కొట్టి కాలిస్తే, శిలాజ ఇంధనం కాల్చినప్పటి స్థితికి సమానంగా రావడానికి ఎంత కాలం పడుతుందో లెక్క కట్టారు. చమురు బదులు వేడి కోసం చెక్క వాడితే సుమారు 5 ఏళ్ళు. కరెంటు తయారీలో బొగ్గు బదులు వాడితే సుమారు 21 ఏళ్ళు. వేడి కోసం సహజవాయువు బదులు వాడితే సుమారు 24 ఏళ్ళు. సహజవాయువుతో చేసే కరెంటు బదులు వాడితే 90 ఏళ్ళకు పైనే. ఆ గడువు దాటిన తర్వాతే లాభం మొదలవుతుంది.

ఒకే చెక్కకు ఇన్ని గడువులెందుకు? ఒకటి, దేని బదులు కాలుస్తున్నామన్నది. రెండు, ఎలా కాలుస్తున్నామన్నది. ఇంట్లో మంచి పెల్లెట్ బాయిలరులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా వేడి పనికొస్తుంది. చెక్కతో కరెంటు చేసే కేంద్రంలో సగానికి పైగా వేడి వృథాగా పోతుంది. మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ నివేదిక చూశాక 2012లో నిబంధనలు కఠినం చేసి, వేడిని తగినంతగా వాడుకోలేని చెక్క కరెంటు కేంద్రాలకు ప్రోత్సాహకాలు తగ్గించింది. నివేదికను అటకెక్కించకుండా జి.ఓ.గా మార్చడమంటే అదీ.

2018లో జాన్ స్టెర్మన్, మరి ఇద్దరు కలిసి ఇంకో లెక్క ప్రచురించారు. అమెరికా అడవులను పూర్తిగా నరికి, ఆ చెక్కతో బొగ్గు బదులు కరెంటు చేస్తే బాకీ తీరడానికి అడవి రకాన్ని బట్టి 44 నుంచి 104 ఏళ్ళు పడుతుందని, అదీ ఆ నేలలో మళ్ళీ అడవే పెరగనిస్తేనని తేల్చారు. ఆ నేలలో ఇళ్ళ స్థలాలు వేస్తే ఇక బాకీ తీరేదే లేదు.

పొట్టు వేరు, మాను వేరు

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. పైన చెప్పినవన్నీ అందుకోసం చెట్టు కొట్టినప్పటి లెక్కలు. పెల్లెట్లన్నీ అలా తయారయ్యేవి కావు. రంపపు మిల్లులో బల్లలకు, దూలాలకు దుంగలు కోస్తుంటే పొట్టు ఎలాగూ పడుతుంది. దాన్ని కుప్ప పోస్తే కొన్నాళ్ళకు కుళ్ళి ఆ కర్బనం గాలిలోనే కలుస్తుంది. లేదా అక్కడే తగలబెడతారు. అలాంటి పొట్టును గుళికలు చేసి చమురు బదులు కాలిస్తే బాకీ త్వరలోనే తీరుతుంది. అప్పుడు ఆ కరపత్రంలోని మాట నిజానికి చాలా దగ్గర.

అదే, నిలబడి పెరుగుతున్న మానును గుళికల కోసమే కొడితే సంగతి వేరు. ఆ చెట్టు కొట్టకుండా ఉంటే ఇంకా పెరిగేది, ఇంకా పీల్చేది. ఆ పోయిన రాబడి కూడా లెక్కలో రాయాలి.

మన ప్రాంతంలోనే చూడండి. కోస్తాలో సరుగుడు తోట నాలుగైదేళ్ళకు కోతకొస్తుంది. కొట్టి మళ్ళీ నాటితే మరో నాలుగైదేళ్ళకు అంత కలపా తయారు. బీడు నేలలో వేసిన అలాంటి తోట బాకీ మన కళ్ళ ముందే తీరుతుంది. అదే ఊరి చెరువు గట్టు మీది పాత మర్రిని కొట్టి పొయ్యిలో పెట్టి, బదులుగా ఒక మొక్క నాటామంటే? లెక్క కాగితం మీద సరిపోతుంది. కానీ ఆ మొక్క ఆ మర్రి అయ్యేనాటికి నాటినవాడూ ఉండడు, వాడి కొడుకూ ఉండడు.

పద్దు ఏ దేశంలో పడాలి?

ఇక గుమాస్తాగా నన్ను బాగా ఆకట్టుకున్న భాగం ఇది. ప్రపంచ దేశాలు తమ బొగ్గుపులుసు వాయువు లెక్కలు ఐక్యరాజ్యసమితికి సమర్పిస్తాయి. లెక్క రాసే పద్ధతిని ఐపీసీసీ అనే శాస్త్రజ్ఞుల సంఘం నిర్దేశించింది. ఆ పద్ధతి ప్రకారం చెట్టు కొట్టిన దేశం "భూమి, అడవులు" అనే హెడ్డు కింద నష్టం రాయాలి. కాబట్టి కాల్చిన చోట "ఇంధనం" హెడ్డు కింద మళ్ళీ కలపకూడదు. కలిపితే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. అందుకని కాల్చినదాన్ని అడుగున మెమో ఐటమ్‌గా మాత్రమే చూపిస్తారు. పద్ధతి సబబే. డబుల్ ఎంట్రీ రాకుండా మనమూ అలాగే చూసుకునేవాళ్ళం.

కానీ దీన్ని తీసుకుని ప్రభుత్వాలు ఏం చేశాయి? 2005లో మొదలైన యూరప్ కర్బన వ్యాపార పద్ధతిలోనూ, 2009 నాటి పునరుత్పాదక ఇంధన ఆదేశంలోనూ చెక్క కాల్చినప్పుడు వచ్చేదాన్ని సున్నాగా పట్టుకున్నారు. పై హెడ్డులో రాశారో లేదో చూడకుండానే ఇక్కడ సున్నా వేశారు. అమెరికా తన అడవుల లెక్క సమర్పించినా, 1997 నాటి క్యోటో ఒప్పందాన్ని ఆమోదించలేదు. కెనడా ఆ ఒప్పందంలోంచి బయటికి వచ్చేస్తున్నట్లు 2011లో ప్రకటించింది. కాబట్టి ఆ దేశాల్లో కొట్టిన చెట్టు ఓడెక్కి యూరప్‌లో కాలితే, కాల్చినవారికి సున్నా, కొట్టినవారికి ఆ ఒప్పందం కింద పరిమితే లేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే సస్పెన్స్ ఖాతాలో వేసి ఏ హెడ్డుకీ సర్దుబాటు చేయని పద్దు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ ఆ పిడికెడూ ఎవరి చేతిలోనూ కనబడదు. టిమతి సెర్చింజర్, మరికొందరు శాస్త్రజ్ఞులు 2009లో సైన్స్ పత్రికలో ఈ లోపాన్నే ఎత్తి చూపారు.

ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని డ్రాక్స్ విద్యుత్కేంద్రం ఒకప్పుడు ఆ దేశంలో అతి పెద్ద బొగ్గు కేంద్రం. 2021లో బొగ్గుతో వ్యాపార ఉత్పత్తి ఆపేసి, ఓడల్లో వచ్చే పెల్లెట్లతో నడుస్తోంది. అవి ఎక్కువగా అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి వస్తాయి. 2024లో అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ దర్యాప్తు చేసి, కెనడా నుంచి వచ్చిన చెక్క ఏ రకందో సరైన వివరాలు నివేదించలేదని తేల్చింది. కంపెనీ రెండున్నర కోట్ల పౌండ్లు చెల్లించింది. కావాలని చేశారనడానికి గానీ, సబ్సిడీ అన్యాయంగా తీసుకున్నారనడానికి గానీ ఆధారం లేదని కూడా అదే సంస్థ చెప్పింది. నాకు అందులో కనబడిన పాఠం ఒకటే. పొట్టా, మానా అన్న ఒక్క గడి సరిగా నింపకపోతే మిగిలిన లెక్క ఎంత చక్కగా ఉన్నా నమ్మడానికి వీల్లేదు.

2021 ఫిబ్రవరిలో 500 మందికి పైగా శాస్త్రజ్ఞులు అమెరికా, యూరప్, జపాన్, దక్షిణ కొరియా నాయకులకు లేఖ రాసి, చెట్లు కొట్టి కాల్చడాన్ని కర్బన రహితమని లెక్కించవద్దని కోరారు. 2023లో యూరప్ తన ఆదేశాన్ని సవరించి, కోతకు పనికొచ్చే మంచి దుంగలను, మొద్దులను, వేళ్ళను కాల్చడానికి నేరుగా ఆర్థిక సాయం ఇవ్వరాదంది. ఆలస్యమైనా అది మంచి సవరణ.

ఒక పథకం, ఒక ప్రభుత్వం

లెక్క చూడకుండా "ఇది మంచి ఇంధనం" అని ముందే తీర్మానించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఉత్తర ఐర్లండు కథ చాలు. పథకాల ఫైళ్ళు నడిపిన మనకు ఇది వింటే నిద్ర పట్టదు.

2012 నవంబరులో అక్కడ వ్యాపార సంస్థలకు ఒక పథకం పెట్టారు. చమురు, గ్యాసు మాని పెల్లెట్ల వంటి వాటితో వేడి చేసుకుంటే, పుట్టించిన ప్రతి యూనిట్ వేడికి ఇరవయ్యేళ్ళ పాటు డబ్బిస్తారు. ఇలాంటి పథకమే బ్రిటన్‌లో అంతకు ముందే ఉంది. దానిలో ఏడాదికి ఇన్ని గంటల తర్వాత రేటు పడిపోతుందన్న నిబంధన ఉంది. ఉత్తర ఐర్లండు వారు నిబంధనలు ఎక్కించుకునేటప్పుడు ఆ ఒక్క నిబంధనను వదిలేశారు. చిన్న బాయిలర్లకు ఇచ్చే రేటేమో పెల్లెట్ల ఖర్చు కంటే ఎక్కువ. ఇంకేం, ఎంత ఎక్కువ కాలిస్తే అంత లాభం. ఖాళీ షెడ్లు కూడా వేడి చేస్తున్నారన్న ఆరోపణలొచ్చాయి. "బూడిదకు డబ్బు" అని పత్రికలు పేరు పెట్టాయి. 2015లో రేటు తగ్గించబోతున్నారని తెలిసి వందల దరఖాస్తులు వచ్చి పడ్డాయి. 2016 ఫిబ్రవరిలో పథకం మూసేశారు.

ఆ గొడవ ముదిరి 2017 జనవరిలో ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నిస్ రాజీనామా చేశారు. ప్రభుత్వం కూలింది. తర్వాత వేరే తగాదాలూ తోడై 2020 జనవరి దాకా, అంటే మూడేళ్ళు, అక్కడ ప్రభుత్వమే ఏర్పడలేదు. ఆ ఏడాది మార్చిలో సర్ పాట్రిక్ కోగ్లిన్ విచారణ నివేదిక మూడు సంపుటాల్లో వచ్చింది. లంచగొండితనమో, దురుద్దేశమో దీనికి కారణం కాదని, ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న పొరపాట్లు, వదిలేసిన తనిఖీలు కారణమని తేల్చింది.

"కార్బన్ న్యూట్రల్" అనే ముద్ర ఇలాంటిదే. ఆ ముద్ర పడితే ఎంత కాల్చినా సున్నాయే. ఎంత కాల్చినా సున్నా అయితే తగ్గించుకోవాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మన ఇంటి సంగతి

మన దేశంలో ఇళ్ళు వేడి చేసుకునే అవసరం కొండ ప్రాంతాలకే పరిమితం. కానీ పెల్లెట్లు మనకూ వచ్చాయి. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాల్లో నూటికి అయిదు పాళ్ళు పెల్లెట్లు కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. 2023లో సవరించి, 2024-25 నుంచి అయిదు పాళ్ళు, 2025-26 నుంచి ఏడు పాళ్ళు అంది. ఇవి ముఖ్యంగా పొలంలో మిగిలే వ్యర్థాలతో చేసేవి. పంజాబ్, హర్యానాల్లో రైతులు వరి కొయ్యకాళ్ళు చేలోనే తగలబెడితే ఢిల్లీ అంతా పొగ కమ్మేస్తుందని ఏటా పేపర్లలో చదువుతున్నాం. ఎలాగూ చేలో కాలిపోయేదాన్ని గుళికలు చేసి బొగ్గు బదులు కాలిస్తే బాకీ మరుసటి పంటకే తీరుతుంది. తెలంగాణలో పత్తి కట్టె సంగతీ అంతే. మన రైసు మిల్లుల్లో ఊకతో బాయిలర్లు ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి. దానికి ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు, అంతే తేడా.

అయితే ఇక్కడా ఒక హెచ్చరిక. మన డెల్టాలో వరిగడ్డి వ్యర్థం కాదు, పశువుల మేత. గడ్డివాము మీదకు పెల్లెట్ల వ్యాపారి వస్తే పాడి రైతు గతి ఏమిటని కూడా చూడాలి. కొంత చెత్త నేలలో కుళ్ళితేనే నేలకు సారం. అన్నీ ఊడ్చి అమ్ముకోకూడదు.

మరి ఏం చేయాలి?

పిల్లలు అడిగితే చెప్పడానికి మీకు నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాను. మా అమ్మాయికి నేను చెప్పినవీ ఇవే.

మొదటిది, ఇంట్లో వేడి బయటికి పోకుండా చేశారా? అటక మీద, గోడల్లో ఇన్సులేషన్ వేయిస్తే ఏ ఇంధనమైనా తక్కువ పడుతుంది. కాల్చని కట్టెకు లెక్కే రాయనక్కర లేదు. రెండవది, దేని బదులు? చమురు బదులయితే మంచి బేరం కావచ్చు. సహజవాయువు బదులయితే తొందరపడవద్దు. కరెంటుతో నడిచే హీట్ పంపు వీలైతే దాని ధరా కనుక్కోవాలి. మూడవది, గుళిక ఏ చెక్కతో చేశారు, ఎంత దూరం నుంచి వచ్చింది? దగ్గరి రంపపు మిల్లు పొట్టయితే సరే. మిల్లువారిని రాతపూర్వకంగా అడగాలి, జవాబు రాకపోతే అదే జవాబు. నాలుగవది, పొగ. మంచి పెల్లెట్ పొయ్యి మామూలు కట్టెల పొయ్యి కంటే చాలా శుభ్రమే గాని, గ్యాసు కంటే సన్నని ధూళి ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళవారు డాక్టరు సలహా తీసుకోవడం మంచిది. కరెంటు పోతే మరచుట్టు ఆగి పొయ్యి కూడా ఆగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మా వాళ్ళు ముందుగా అటకకు ఇన్సులేషన్ వేయించారు. తర్వాత మా అల్లుడు గారు దగ్గర్లోని మిల్లుకు ఉత్తరం రాస్తే, తమ గుళికలు ఎక్కువ భాగం రంపపు పొట్టుతో చేసినవని, కొంత పనికిరాని దుంగ కూడా కలుస్తుందని నిజాయితీగా జవాబిచ్చారు. దాంతో పెల్లెట్ బాయిలరే పెట్టించారు. కానీ ఆ కరపత్రంలోని మాటను మా ఇంట్లో ఎవరూ వాడరు. "తక్కువ బాకీ ఇంధనం" అంటాం.

ఇక ముగిస్తాను. కమ్యుటేషన్‌తో పోల్చాను గాని, ఒక్క చోట ఆ పోలిక చెల్లదు. కమ్యూట్ చేసుకున్న పెన్షనరు గడువు లోపలే కన్నుమూస్తే, ఆ బాకీ భార్య ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోయరు. ప్రభుత్వం ఆ మేరకు దయ చూపింది. మనతో పనిచేసి, పునరుద్ధరణ చూడకుండానే వెళ్ళిపోయిన మిత్రుల కుటుంబాలకు ఆ విలువ తెలుసు. గాలి దగ్గర అలాంటి రూలు లేదు. యాభై ఏళ్ళ గడువు మీద చెట్టు కాల్చినవాడు పోయినా బాకీ అలాగే ఉంటుంది. అది మనవళ్ళ పేరన, వాళ్ళ పిల్లల పేరన బదిలీ అవుతుంది, వాళ్ళ సంతకం లేకుండానే.

డెబ్బయ్యేళ్ళు దాటిన మనం అప్పు చేసేటప్పుడు అది మన జీవితకాలంలో తీరుతుందా అని చూసుకుంటాం. బ్యాంకువాళ్ళూ అదే చూస్తారు. చెట్టు విషయంలోనూ ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. అయిదేళ్ళలో తీరే బాకీ అయితే వెచ్చగా కాచుకోవచ్చు. వందేళ్ళ బాకీ అయితే ఇంకో కంబళి కప్పుకోవడం మేలు.